చెయ్యి అందని చోటు

ఆ పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. నడుముకి వావిలాకు నూనె రాసుకోవాలి, ప్లీడరు గారి నల్లకోటుకి చేతులు కుట్టెయ్యాలి, ఆ తరవాత భార్యకి ఫోన్ చేసి, "నొప్పి భరించలేకపోతున్నాను, వచ్చెయ్" అనాలి. మొదటి రెండూ మామూలు పనులే. మూడోదే ఎన్నాళ్లుగానో గొంతు దాటి రావడం లేదు.

కాలు విరిగిన అక్కకి సాయంగా వెళ్లిందావిడ. రోజూ ఫోన్ చేసి, "నడుం ఎలా ఉందండీ?" అని అడిగేది. "బ్రహ్మాండం" అనేవాడు ఈ మహానుభావుడు. నిజానికి ఆవిడ కూర్చుని కాజాలు కుట్టే స్టూలు వంక చూసినప్పుడల్లా అతనికి ప్రాణం ఉసూరుమనేది. నొప్పి ఎక్కడుందో అతను చెప్పకముందే ఆవిడ బొటనవేలు సరిగ్గా అక్కడికి వెళ్లేది. ఇప్పుడు నూనె ఉంది, నొప్పి ఉంది, ఆ చెయ్యే లేదు.

సొంత చెయ్యి అక్కడికి అందదు. అందినంత మేర నూనె దట్టంగా పట్టించి, మందుల షాపులో కొన్న నొప్పుల కరెంటు మిషను పట్టీలు దాని మీదే అంటించాడు. ఒక వైద్యం సగం తగ్గిస్తే రెండు వైద్యాలు పూర్తిగా తగ్గిస్తాయని అతని లెక్క. వాటికి కరెంటు పంపే చిన్న డబ్బా జేబులో వేసుకుని కుట్టుమిషను ముందు కూర్చున్నాడు.

జిడ్డు మీద పట్టీలు నిలుస్తాయా? మెల్లగా జారి, బిగువు ప్యాంటు లోపల తొడ దగ్గర ఆగాయి. నడుముకి ఏమీ తెలియడం లేదని దర్జీ కరెంటు పెంచాడు. ఇంకా పెంచాడు. అంతే, కుడికాలు తనంతట తానే పెడల్ మీద చిందులు మొదలుపెట్టింది. అతను తేరుకునేలోగా కోటు చెయ్యి మణికట్టు దగ్గర కుట్లు పడి పూర్తిగా మూసుకుపోయింది.

అప్పుడే ప్లీడరు గారు ఊడిపడ్డారు. "కోర్టుకి టైమైందయ్యా!" అంటూ కోటు లాక్కుని చెయ్యి దూర్చేశారు. అది బయటికి రాదు, వెనక్కీ రాదు.

"ఇది కోటా, సంచీనా?"

సర్దుదామని దర్జీ లేచాడు. కాలు వెళ్లి ప్లీడరు గారి మోకాలి మీద పడింది.

"నన్నే తంతావా!"

"నేను కాదండీ, కాలండీ!"

నూనె వేళ్లకి డబ్బా మీట చిక్కడం లేదు. ప్లీడరు గారు ఖాళీగా ఉన్న చేత్తో షాపు బోర్డు మీది నంబరుకి ఫోన్ కొట్టారు. అది దర్జీ భార్యది. "అమ్మా, మీ ఆయన షాపులో డాన్సాడుతున్నాడు. వచ్చినవాళ్లని తంతున్నాడు. నువ్వే చెప్పు!" అని ఫోన్ దర్జీకి ఇచ్చారు.

దర్జీ వైర్లు పీకి పారేసి ఫోన్ అందుకున్నాడు.

"నేను లేకపోతే ఇంత హుషారన్నమాట," అంది ఆవిడ. "మంచిది. ఇంకో రెండు నెలలుండి వస్తాను."

నొప్పి సంగతి చెబుదామని దర్జీ నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. నొప్పి లేదు. ఆ గెంతులకో ఏమో, నిజంగానే లేదు. రమ్మనడానికి ఉన్న ఒక్క సాకూ పోయింది. అబద్ధమాడదామంటే ఎదురుగా ప్లీడరు.

"నొప్పి తగ్గిపోయింది," అన్నాడు. "అయినా వచ్చెయ్. ఆ స్టూలు ఖాళీగా ఉంటే చూడలేకపోతున్నాను. తిండి కూడా సయించట్లేదు."



"అక్క లేచి తిరగబట్టి చాలా రోజులైందండీ. ఆ ఒక్క ముక్కా మీరంటారేమోనని బట్టలు సర్దుకుని కూర్చున్నాను."

సాయంత్రం బస్సుకే దిగింది. ఆవిడ లోపల అడుగు పెట్టీ పెట్టగానే దర్జీకి నడుము మళ్లీ పట్టేసింది.