వాయిదాలమ్మకు పాఠం

ఆ ఉదయం ప్లీడరమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఇవాళ వకీళ్ల శిక్షణ తరగతికి వెళ్లి, వెనక బెంచీలో ఓ కునుకు తీసి, సాయంత్రం సర్టిఫికెట్టు పుచ్చుకోవాలి. రేపు పొద్దున్నే కోర్టులో రొట్టెల కొట్టాయన కేసుకు వాయిదా తీసుకోవాలి. మధ్యాహ్నం భర్తతో రైలెక్కి సముద్రం చూడటానికి వెళ్లాలి. ఆ సముద్రం పెళ్లయిన ఏడాది నుంచీ వాయిదా పడుతూనే ఉంది.

"ఈసారైనా ఖాయమేనా?" అన్నాడు భర్త, బూట్లు తుడుచుకుంటూ. ఆయన బడిలో లెక్కల మాస్టారు.

"నాది మాటంటే మాటేనండీ. టిక్కెట్లు తీసేయండి."

కోర్టులో ఆమెను వాయిదాలమ్మ అనేవారు. ఆమె దాన్ని బిరుదు కిందే జమకట్టుకుంది. తన తలనొప్పికే కాదు, ఎదుటి ప్లీడరు తలనొప్పికి కూడా వాయిదా తెచ్చిన ఘనత ఆమెది.

శిక్షణ మాత్రం ఆషామాషీ వ్యవహారం కాదు. వకీళ్లు ఏటా కొంత పాఠం మళ్లీ చదివి తీరాలన్నది నిబంధన. దానికి ఇవాళే ఆఖరి గడువు. సర్టిఫికెట్టు లేనివాళ్లు రేపటి నుంచి కోర్టులో నోరు విప్పడానికి వీల్లేదు. ఆమె నోరు విప్పకపోతే రొట్టెల కొట్టాయన పొయ్యి శాశ్వతంగా ఆరిపోతుంది. ఆ పొయ్యి పొగకు తన బట్టలు నల్లబడుతున్నాయని పక్కింటి లాండ్రీ యజమాని కేసు వేసి, తీర్పు వచ్చేదాకా పొయ్యి మూయించాడు.

పాఠం చెప్పేది రిటైరైన జడ్జిగారు. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్లద్దాలు సవరించుకుని, మొదటి ప్రశ్న వెనక బెంచీకే వేశాడు.

"ప్లీడరమ్మగారూ, మేం పంపిన పాఠంలో మొదటి అధ్యాయం సారాంశం చెప్పండి."

ఆమె పాఠం తెరిచి కూడా చూడలేదు. అయినా ఏమాత్రం తొణకలేదు. లేచి, కోటు సర్దుకుని, అలవాటు చొప్పున అనేసింది. "సిద్ధం కావడానికి కొంత వ్యవధి కావాలి. వాయిదా ఇప్పించ ప్రార్థన."

పక్కనున్న మీసాల ప్లీడరు, లాండ్రీ యజమాని తరఫు వకీలు, తనూ అలవాటుగా లేచాడు. "మాకు అభ్యంతరం లేదు."

జడ్జిగారిదీ జీవితకాలపు అలవాటే. తల ఎత్తకుండానే, "వచ్చే నెలకు వాయిదా," అని లేచి లోపలికి వెళ్లిపోయాడు. హాలంతా లేచి నిలబడి, తలలు వంచి, బిలబిలమంటూ బయటపడింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. తాము వచ్చింది కోర్టుకు కాదని వరండా చివరికి చేరేదాకా ఒక్కరికీ తట్టలేదు.

"ఎంత పని చేశావమ్మా! గడువు ఇవాళ్టితో సరి. రేపు మేమంతా మూగనోము పట్టాలా?" అని అందరూ ఆమె మీద పడ్డారు.

"నేను అడిగాను, ఇచ్చింది ఆయన. కంగారెందుకు? చిటికెలో తిప్పేస్తా," అంది ఆమె.

చిటికెలో తిరగలేదు. జడ్జిగారు టీ చల్లార్చుకుంటూ, "నోటితో ఇచ్చినా ఉత్తర్వు ఉత్తర్వే. రద్దు కావాలంటే అందరి సమక్షంలో వాదించండి," అన్నాడు. వెళ్లిపోయినవాళ్లను వెతికి పట్టుకొచ్చారు. ఒకాయన గడ్డం సగమే గీయించుకుని, మిగతా సగం నురగతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు.

అప్పుడు వాయిదాలమ్మ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వాయిదాకు వ్యతిరేకంగా వాదించింది.

"వాయిదా అడిగేవాళ్లు కాలం తమ సొంత సొమ్మనుకుంటారు. వరండా బెంచీ మీద కూర్చున్నవాడి ఆకలి వాయిదా పడుతుందా? వాడి పిల్లల చదువు వాయిదా పడుతుందా? సిద్ధంగా లేకపోవడం మన తప్పు. దానికి శిక్ష వాడికా?"

చప్పట్లకు హాలు దద్దరిల్లింది. ఉత్తర్వు రద్దయింది. సాయంత్రానికి అందరి చేతుల్లో సర్టిఫికెట్లు పడ్డాయి. ఆమె గాలిలో తేలుతూ ఇల్లు చేరింది.

మర్నాడు కోర్టు వరండాలో భర్త పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కనే రొట్టెల కొట్టాయన. "ఇవాళైనా తేలుతుందా అమ్మా? పొయ్యి చల్లబడి నెలలైంది," అన్నాడతను. ఆమెకు మనసులో చివుక్కుమంది. కానీ రైలు మధ్యాహ్నానికే. లోపలికి వెళ్లి వాయిదా అడిగింది.

నిన్నటిలాంటి చప్పట్లు తనకూ కావాలనిపించి మీసాల ప్లీడరు లేచాడు. "అభ్యంతరం ఉంది! వాయిదా అడిగేవాళ్లు కాలం తమ సొంత సొమ్మనుకుంటారు..." అంటూ, నిన్నటి ఆమె వాదన మొత్తం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. వరండా బెంచీ మాట దగ్గర గొంతు కూడా ఆమెలాగే వణికించాడు.

ఆ కోర్టు జడ్జి ముగ్ధుడైపోయాడు. "అద్భుతం. వాయిదా లేదు. వాదన మొదలుపెట్టండి. ముందు మీరే."

మీసాలాయన మొహం పాలిపోయింది. వాయిదాలమ్మ ఎలాగూ వాయిదా అడుగుతుందన్న ధీమాతో ఆయన ఆ ఫైలు ఏనాడూ విప్పి చూడలేదు. "యువర్ ఆనర్, నాకు... చిన్న వాయిదా..." అని నసిగాడు.

'అభ్యంతరం లేదు' అంటే చాలు, ఆమెకు రైలు దక్కేది. కానీ నిన్నటి చప్పట్లు చెవుల్లో ఇంకా మోగుతున్నాయి, బెంచీ మీది మొహం కళ్లముందే ఉంది. "అభ్యంతరం ఉంది!" అని గర్జించింది.

ఆ తర్వాత ఆమెకు ఎదురు లేకపోయింది. వాయిదాలకు సాకులు వెతకడం కోసం ఆ ఫైలును తిరగేసీ తిరగేసీ కంఠతా పట్టేసింది మరి. సాయంత్రానికి తీర్పు వచ్చింది. పొగగొట్టం ఎత్తు పెంచి పొయ్యి వెలిగించుకోవచ్చు. రొట్టెల కొట్టాయన ఏడ్చేశాడు.

బయటికి వచ్చి గోడ గడియారం చూసేసరికి ఆమె సంబరమంతా నీరుగారిపోయింది. "తప్పయిపోయిందండీ. రైలు వెళ్లిపోయింది," అంది.

"రైలు రేపు," అన్నాడు మాస్టారు.

"ఇవాళన్నారుగా!"

"నీకు ఇవాళని చెప్పా. టిక్కెట్లు రేపటికి తీశా."

"మరి ఈ పెట్టె?"

"ఖాళీదే. లేకపోతే నీకు అనుమానం రాదూ?"

వకీళ్లకు శిక్షణ ఏడాదికోసారే. ఆయన మాత్రం పెళ్లయిన నాటి నుంచీ భార్య దగ్గర ఒక్క తరగతి కూడా ఎగ్గొట్టలేదు.