రేడియేటర్‌కు తలంటు

నా భార్య వనజ ఉన్న రోజుల్లో మా ఇంట్లో ఆమె మాటకు ఎదురు తిరిగే ధైర్యం ఒక్క మా కారుకే ఉండేది. నేను ఒక్కణ్ణే ఎక్కితే బుద్ధిగా నడిచేది. ఆమె ఎక్కిన రోజే మొరాయించేది.

నేను భద్రాచలంలో జూనియర్ కాలేజీ పిల్లలకు కామర్స్ చెప్పేవాణ్ణి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న కాలం. ఆ పాత డీజిల్ కారంటే నాకు ప్రాణం. ఎండాకాలంలో ఓ పెళ్లికి వెళ్తూ దుమ్ముగూడెం దగ్గర అది ఆగిపోతే, వనజ పట్టుచీర నడుముకు దోపుకుని వెనక నుంచి తోసింది. ఆ రోజే తీర్పు వెలువడింది.

"ఇంకొక్క రోగం రానీయండి. మోతీలాల్‌కు అప్పజెప్త."

మోతీలాల్‌కు ఊరి చివర పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే షెడ్డు ఉంది. మా వీధిలోంచి వెళ్లినప్పుడల్లా మా కారు వైపు పండగ ముందు మేకను చూసినట్టు చూసేవాడు.

ఓ ఆదివారం పొద్దున్నే కారు బయటికి తీద్దామని రేడియేటర్ నీళ్ల డబ్బా మూత తెరిచాను. నీళ్లుండాల్సిన చోట రాగి జావ ఉంది. వేలు పెట్టాను. జిడ్డు. వాసన చూశాను. ఇంజన్ ఆయిల్. రుచి మాత్రం చూడలేదు.

ఆయిల్ పోయి నీళ్లలో కలుస్తోందంటే రోగం పెద్దదే. సరిగ్గా ఆ రోజే మేం చర్ల వైపు వెళ్లాలి. వనజతో పాటు అంగన్‌వాడీ ట్రైనింగ్ అయిన భీమక్క, తమ ఊళ్లో కొత్తల పండగకు రమ్మని పిలిచింది. ఆ పండగ అయితే గాని వాళ్లు కొత్త చిక్కుడుకాయ నోట పెట్టరు. వెళ్లొద్దంటే వనజ ఎందుకని అడుగుతుంది. కారు బాగాలేదంటే మోతీలాల్ వస్తాడు.

జిడ్డును వదిలించేది ఏమిటా అని ఇల్లంతా చూశాను. స్నానాల గదిలో, వనజ తలంటుకోవడానికి పిసికి పెట్టుకున్న కుంకుడు రసం కనిపించింది. దోసెడు ఆముదం పెట్టిన తలనే నిగనిగలాడించే రసానికి ఇంజన్ ఆయిల్ ఒక లెక్కా? జావంతా తోడేసి, గిన్నెడు రసమూ రేడియేటర్లో పోశాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

"ఏందండీ, నా కుంకుడు రసం ఏమైంది?"

"పిల్లి తాగినట్టుంది."

"ఏ పిల్లి?"

"ఆ నల్లపిల్లే."

"అయితే ఈపాటికి తెల్లగ అయ్యి ఉంటది. ఇగ గుర్తు పట్టలేం," అంది వనజ. నూనె తలనే ముడి వేసుకుని కారెక్కి, స్టీరింగ్ మీద నా చేతుల వంక చూసింది. "ఇయ్యాల చేతులు మస్తు తెల్లగున్నయ్!"

దుమ్ముగూడెం దాటాక వేడి చూపించే ముల్లు పైకి లేవసాగింది. మెల్లగా దాని మీద తువ్వాలు కప్పాను.

"ఆ తువ్వాలేంది?"

"ఎండ పడుతోంది."

"మీటర్‌కా?"

"పాతది కదా. కళ్లు మండుతాయి."

"పాపం. దానికి నీళ్లు గిట్ల తాగిపియ్యాల్నా?"

ముందు పోలీస్ క్యాంపు. జవాను చెయ్యెత్తాడు. ఆపాను.

బానెట్ సందులోంచి ముందు ఒక బుడగ వచ్చింది. దాని వెనకే చుట్టాలందరూ వచ్చారు. గృహప్రవేశం నాటి పాలలా తెల్లటి నురగ పొంగి, లైట్ల మీదుగా జారి, రోడ్డు మీద కుప్ప పడింది. జవాను గబగబా వెనక్కి తగ్గాడు. ఇసుక బస్తాల వెనక నలుగురు లేచి నిలబడ్డారు.

"ఏముంది లోపల?"

"కొత్తరకం కూలెంట్ సార్," అన్నాను. నా గొంతులోనూ బుడగలే.

వనజ దిగింది. కాస్త నురగ తీసుకుని వేళ్ల మధ్య రుద్దింది. వాసన చూసింది.

"భయపడకండి సార్. మా పిల్లి తలంటుకుంటున్నది."

క్యాంపంతా నవ్వింది. ఓ పెద్దాయన మాకు నీడన కుర్చీలు వేయించి, ఇంజన్ చల్లారాక నీళ్ల క్యాన్లు కూడా ఇప్పించాడు. తుపాకులు పట్టిన చేతులతో ఆ జవాన్లు మా కారుకు నీళ్లు పోసి పోసి నురగ కడిగారు. చిక్కుడుకాయ కూర మాత్రం మాకు దక్కలేదు. ఆగుతూ, నీళ్లు పోస్తూ ఇంటికి వచ్చాం.

ఇంటి ముందు మోతీలాల్ కూర్చుని ఉన్నాడు.

గబుక్కున దిగి కారుకు అడ్డంగా నిలబడ్డాను. "వనజా, దీన్ని ఇచ్చెయ్యకు. తప్పంతా నాది. ఆయిల్ నీళ్లలో కలుస్తోందని పొద్దున్నే చూశాను. దాచాను. పిల్లికేం తెలీదు."

మోతీలాల్ గోనె సంచిలోంచి ఓ ఇనప సామాను తీసి గట్టు మీద పెట్టాడు. "అమ్మా, నువ్వు చెప్పిన ఆయిల్ కూలర్. గసొంటి బండిదే. ఎక్కడా చిల్లు లేదు."

నేను వనజ వైపు చూశాను.

"జావ నేను మొన్ననే చూసిన," అంది తాపీగా. "ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే దానికి నీళ్ల జాడ లేదు. ఇంజన్ నడుస్తుంటే నీళ్లల్ల బుడగలు గూడ లేవు. గట్లుంటే ఇంజన్ హెడ్డు మంచిగున్నట్టే, ఆయిల్‌ను చల్లార్చే కూలరే చిల్లు పడ్డదని మెకానిక్ కిషన్‌లాల్ అన్నడు. రేపు బిగిస్తడు."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"రోజూ పొద్దుగాల ఆ డబ్బాల నీళ్లు ఎవరు పోస్తున్నరనుకున్నరు? పిల్లా?"

"మరి పొద్దున్నే నాతో చెప్పొచ్చు కదా!"

"మీరే చెప్తరేమో అని చూసిన. దుమ్ముగూడెం దాక చూసిన. చివరికి కారే చెప్పింది."

కూలర్ బిగించడం కిషన్‌లాల్‌కు ఒక పూట పని. కుంకుడు నురగ వదిలించడానికే వారం పట్టింది. కారు స్టార్ట్ చేసినప్పుడల్లా వీధి పిల్లలు బుడగల కోసం పరిగెత్తుకొచ్చేవాళ్లు. ఆ వారం నుంచి వనజ తలంటుకు కుంకుడుకాయలు కొట్టి, నానేసి, పిసికే పని నాకు పడింది. ఎన్నాళ్లు చేసినా శిక్ష తగ్గించమని నేను అడగలేదు.

వనజ పోయింది. కారు ఇంకా ఉంది. పొద్దున్నే నీళ్ల డబ్బా మూత తీసి చూసే పని ఇప్పుడు నాదే. నీళ్లు తగ్గకుండా నిండుగా కనిపించిన రోజు, నువ్వు పోశావా అన్నట్టు గోడ మీది పిల్లి వంక ఒకసారి చూస్తాను.