పడవవాడి పిలుపు

ఇనాస్ ఆ ఉదయం వంటింట్లో నిలబడి తన కథను వడ్డనల లెక్కన ముక్కలు చేసుకుంటోంది. కాక్‌టెయిల్ దగ్గర నాయకుడి పరిచయం. అన్నం కూరిన ద్రాక్షాకుల చుట్టల దగ్గర ఓడరేవులో హత్య. బాతు బల్ల మీదికి రాగానే అసలు మలుపు. పాలన్నం దగ్గర ముగింపు. ఇది ఆమె ఇన్నేళ్ల అనుభవసారం. ఆకలితో ఉన్న నిర్మాత కథ వినడు, కడుపు నిండిన నిర్మాత కునుకు తీస్తాడు. ఆ రెంటికీ మధ్య ఉన్న సందులోనే రచయిత కథ అమ్ముకోవాలి.

సాయంత్రం భోజనానికి వస్తున్నది షౌకత్ బే, కైరోలో పెద్ద నిర్మాత. ఆయన కథ తీసుకుంటే ఇనాస్ సినిమా రచయిత్రి. లేకపోతే రేపు పొద్దున్నే బిస్కెట్ల కంపెనీకి ఫోన్ చేసి, ప్రకటనలు రాసే ఉద్యోగానికి సరేనని చెప్పాలి. ఆ తర్వాత కథల జోలికి పోనని తనకు తానే మాట ఇచ్చుకుంది.

"ముగ్గురమే," అంది భర్తతో. "ఆయన, నువ్వు, నేను. వెళ్లి ఒక బాతు పట్టుకురా. దార్లో ఎవరికీ ఏమీ చెప్పకు."

"నేనెవరికి చెప్తాను?" అన్నాడు సాబిర్, నొచ్చుకుంటూ.

సాబిర్ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా మంచివాడు. ఈ రెండు గుణాలూ ఒకే మనిషిలో కలిస్తే కట్టుకున్నదానికి పని ఎక్కువ.

కైరోలో ఎవరు ఎదురైనా "రండి, భోంచేద్దాం" అనడం మర్యాద. దానికి పడవవాడి పిలుపు అని పేరు. నైలు నడిమధ్యలో కూర్చుని తింటున్న పడవవాడు ఒడ్డున పోయేవాణ్ణి రమ్మని కేకేస్తాడు. వాడెలాగూ ఈదుకుంటూ రాడు కదా. మొదటిసారి పిలిస్తే మర్యాద, రెండోసారి పిలిస్తే ఇంకాస్త మర్యాద. మూడోసారి దేవుడి మీద ఒట్టు వేసి పిలిస్తేనే అది నిజం పిలుపు. అప్పుడు వెళ్లకపోతే తప్పు. చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ లెక్క సాబిర్ ఆ పూట మరిచిపోయాడు. ఇన్నాళ్లకు భార్య కథ అమ్ముడుపోతోందన్న సంబరంలో మొదటి పిలుపుకే ఒట్టు వేసేశాడు.

ముందు టాక్సీ డ్రైవర్ గుమా.

"బాతు బాగా బలిసింది అన్నా," అన్నాడు గుమా, అద్దంలోంచి చూసి.

"సాయంత్రం మా ఇంటికి రా, తిందువుగాని. మీ అమ్మను కూడా తీసుకురా. దేవుడి మీద ఒట్టు."

గుమా బండి పక్కకు ఆపాడు. ముక్కూ మొహం తెలియని మనిషి తల్లిని కూడా కలిపి ఒట్టు వేసి పిలిస్తే కాదనడం ఎలా? ఇంటి నంబరు అడిగి రాసుకున్నాడు.

గుమ్మం దగ్గర వాచ్‌మన్ బషందీకి అదే ఒట్టు, భార్యతో సహా. లిఫ్టులో నాలుగో అంతస్తు ఉల్ఫత్ గారికీ అదే ఒట్టు. ఆవిడ ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలు ఉంది. ఆ చెల్లెలికి ఒక మొగుడున్నాడు.

సాయంత్రం బెల్ మోగింది. ఇనాస్ పట్టు గౌనులో, పెదవులకు రంగుతో, ఓడరేవు హత్యను మనసులో వల్లె వేసుకుంటూ తలుపు తీసింది. ఎదురుగా కొత్త చొక్కాలో గుమా, వాళ్లమ్మ. వాళ్ల వెనక ఇస్త్రీ చేసిన అంగీలో బషందీ, తల మీద రొట్టెల పళ్లెంతో అతని భార్య.

"సాబిర్ బాబు ఒట్టు వేశాడమ్మా," అన్నాడు బషందీ, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు. "లేకపోతే మేం వస్తామా?"

ఇనాస్ నవ్వి లోపలికి రమ్మంది. గుమ్మంలోకి వచ్చినవాళ్లను తిప్పి పంపడం ఆమె ఇంటావంటా లేదు. ఆ నవ్వుతోనే వంటింట్లోకి వెళ్లి భర్త చెయ్యి గట్టిగా గిల్లింది.

"ఎంతమందికి వేశావు?"

"ఏమిటి?"

"ఒట్టు."

సాబిర్ వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. రెండో చెయ్యి కూడా అందుకునేసరికి ఆమె స్టూల్ మీద కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఆమె తల ప్రాణం తోకకు వచ్చింది. ఉల్ఫత్ గారి బలగం దిగేసరికి కుర్చీలు చాలక మంచం హాల్లోకి వచ్చింది. దానిమ్మరసంలో నిమ్మ పిండి, కాస్త సారా కలిపి షౌకత్ బే కోసం సాబిర్ శ్రద్ధగా చేసిన కాక్‌టెయిల్ ఉల్ఫత్ గారి మరిదికి నచ్చింది. ఆయన జగ్గు పక్కకే కుర్చీ జరుపుకున్నాడు. మందు ముట్టనివాళ్లకు విడిగా ఒట్టి దానిమ్మరసం పోశారు. ద్రాక్షాకుల చుట్టలు పొయ్యి మీంచి దిగినవి దిగినట్టే వెళ్లిపోతున్నాయి. బాతును గుమా వాళ్లమ్మ స్వయంగా పంచింది. న్యాయంగానే పంచింది, అందుకే ఏమీ మిగల్లేదు.

అప్పుడు ఫోన్ మోగింది. వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాననీ, మీరు కానివ్వండనీ, దేవుడు తలిస్తే ఇంకోసారి కలుద్దామనీ షౌకత్ బే చెప్పాడు. నిర్మాతల నోట దేవుడు తలచడమంటే ఏమిటో ఇనాస్‌కు తెలుసు. ఫోన్ పెట్టేసి గోడకేసి చూస్తూ నిలబడింది. బిస్కెట్లు ఎన్ని రకాలో కూడా ఆమెకు తెలియదు.

"ఏదమ్మాయ్, కథ ఉందన్నాడు మీ ఆయన?" అంది ఉల్ఫత్ గారు, చేతులు తుడుచుకుంటూ. "మేం తినడానికే వచ్చామనుకున్నావా?"

ఇనాస్‌కు ఒళ్లు మండింది. ఓడరేవు హత్య వీళ్లకెందుకు? సాబిర్‌కు తగిలేలా, అప్పటికప్పుడు ఇంకో కథ మొదలుపెట్టింది.

ఒక ఊళ్లో ఒకాయన ఉన్నాడు. ఒంటరిగా ముద్ద మింగలేడు. దారిన పోయే ప్రతివాణ్ణీ భోజనానికి పిలుస్తాడు. విసిగిపోయిన భార్య రోజూ పుట్టింటికి పోదామని పెట్టె సర్దుకుంటుంది. రోజూ ఆమె గుమ్మం దాటే వేళకు ఎవరో ఒకరు ఆకలితో వస్తారు. సరే, వీళ్లకు వడ్డించి పోదామనుకుంటుంది. అలా ఏళ్లు గడిచిపోతాయి.

"పాపం, పెట్టె విప్పి మళ్లీ సర్దుకోవడమే సగం పని," అంది బషందీ భార్య.

అందరూ నవ్వారు. ఇనాస్ నవ్వలేదు. చెబుతున్నకొద్దీ ఆమె కోపం ఎటో పోయింది. చేతిలో పళ్లేలతో వంటింటి గుమ్మంలో నిలబడి, నోరు తెరుచుకుని వింటున్న సాబిర్‌ను చూస్తే ఆమెకు జాలి, ప్రేమ రెండూ ఒకేసారి కలిగాయి.

"ఒకరోజు ఎవరూ రాలేదు," అంది నెమ్మదిగా. "పెట్టె సిద్ధంగా ఉంది. తలుపు తీసే ఉంది. ఆయన ఒక్కడే పళ్లెం ముందు కూర్చున్నాడు, ముద్ద ముట్టలేదు. ఆమె పెట్టె కింద పెట్టి, 'ఏం, నన్ను పిలవవా?' అంది. ఆమెను పిలవాలని ఆయనకు ఇన్నేళ్లూ తోచనే లేదు. ఇంట్లో మనిషిని ఎవరు పిలుస్తారు?"

గుమా వాళ్లమ్మ ముక్కు చీదింది. గుమా కిటికీలోంచి బయటికి చూశాడు.

తీసే ఉన్న వీధి తలుపు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. షౌకత్ బే. వంతెన మీద దారి తెరుచుకుందట. లిఫ్టు బషందీ తన్నితే తప్ప కదలదు, ఆ బషందీ ఇక్కడ కూర్చుని ఉన్నాడు. అందుకని ఆరు అంతస్తులూ ఎక్కి, రొప్పుతూ, చెప్పుల బల్ల మీద కూర్చుని కథంతా విన్నాడు.

"తీసుకుంటున్నాను మేడమ్," అన్నాడు. "ఒక్కటే మార్పు. ఆ మొగుడి పాత్ర తీసేయండి. అలాంటి మనిషి ఎక్కడా ఉండడు, ఎవరూ నమ్మరు. ఆమెను విధవరాలిని చేద్దాం."

సాబిర్ ఆశగా తల ఊపుతున్నాడు, ఒప్పుకోమన్నట్టు.

"ఆయన్ను తీసేస్తే నా దగ్గర కథ లేదండీ," అంది ఇనాస్. "నాకు వేరే ఉద్యోగం ఉంది. బిస్కెట్లు."

షౌకత్ బే భుజాలు ఎగరేసి, నడుం పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

"అయ్యో, ఆయన ఏమీ తినలేదు," అన్నాడు సాబిర్. గిన్నె అడుగున మిగిలిన చుట్టలన్నీ ఒక పళ్లెంలో వేసుకుని ఆయన వెనకే పరిగెత్తాడు. చాలాసేపటి దాకా తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున ఇనాస్ బిస్కెట్ల కంపెనీ నంబరు వెతుకుతుంటే షౌకత్ బే ఫోన్ చేశాడు.

"అలాంటి మనిషి ఉన్నాడు మేడమ్, ఒప్పుకుంటున్నాను. నిన్న నా కారెక్కి కూర్చుని, దేవుడి మీద ఒట్లు వేస్తూ, పళ్లెం ఖాళీ అయ్యేదాకా దిగలేదు. ఆ పాత్రను అలాగే ఉంచండి, సాయంత్రం సంతకాలకు రండి. కానీ ఆయనతో కాపురం చేసే ఆ భార్య ఉంది చూశారూ, ఆమెను మాత్రం ఎవరూ నమ్మరు."

ఇనాస్ కాస్త ఆలోచించి, ఆ మాట నిజమేనంది.