సవతికి కొత్త బుష్షులు

సోమవారం భార్యను లేపాక్షికి తీసుకుపోవాలని లింగప్ప తీర్మానించుకున్నాడు. అందుకే ఆదివారం పొద్దున్నే పాత డీజిలు కారును అనంతపురంలోని షెడ్డుకు తోలుకెళ్ళాడు. ఇంజనుకు గాలి తోసే టర్బో అరిగి, చిన్న మిట్ట ఎక్కడానికే అది రొప్పుతోంది. చక్రాల దగ్గరి రబ్బరు బుష్షులు అరిగి, గతుకుల్లో ఒళ్ళు హూనం చేస్తోంది. ఉమాదేవి రెండేళ్ళుగా అందులో కాలు పెట్టలేదు. అడిగితే ఇంట్లో పనుందంటుంది. మొగుడు దానికి చేసే సేవలు చూసి, సవతి అని పేరు మాత్రం పెట్టింది.

ఆ పేరు ఉరవకొండలో ఉన్న ఆమె అన్న మల్లికార్జున చెవిన ఎప్పుడూ పడలేదు. ఆ పొద్దున అతను ఫోన్ చేసి, బావ ఎక్కడని అడిగాడు.

"నా సవతిని చూపిచ్చేదానికి పోయినాడన్నా. ఊపిరి అందడంలేదంట, కీళ్ళన్నీ అరిగినాయంట," అంది ఉమాదేవి. అంతలో కుక్కర్ కూస్తే ఫోన్ పెట్టేసింది.

చెల్లెలంటే మల్లికార్జునకు ప్రాణం. వెంటనే బావకు ఫోన్ కొట్టాడు.

"ఆ ముసల్దాంతో ఎన్నేండ్లనుంచప్పా?"

"పద్నాలుగేండ్లయింది బావా."

"ఉమకు తెలుసా?"

"తెలీకేం? ముందు బాగానే ఉన్నింది. ఇప్పుడే దాని దగ్గరికి రాదు."

"ఇడిసిపెట్టు దాన్ని!"

"ఈ వయసులో దాన్నెవరు తీసుకుంటారు? పోయేదాకా నేనే చూసుకోవల్ల. ఇప్పుడు గూడా బస్టాండు ఎనక షెడ్డులో దాని పక్కనే ఉండా."

మల్లికార్జున దొరికిన బస్సెక్కి వచ్చేశాడు. "ఏమీ అడగొద్దు, నా వెంట రా," అని చెల్లెల్ని ఆటోలో కూర్చోబెట్టాడు. అన్న కళ్ళలో నీళ్ళు చూసి, మొగుడికేదో అయిందని ఉమాదేవి దారంతా ఏడ్చింది. షెడ్డుకు పోతే, కారు కింద నుంచి బయటికి చాచిన లింగప్ప కాళ్ళు కనబడ్డాయి. ఆమె పెట్టిన కేకకు అతను ఉలిక్కిపడి, తల కారుకు తగిలించుకుని బయటికొచ్చాడు.

"యాడ దాచినావప్పా దాన్ని?" అన్నాడు మల్లికార్జున.

"దాచేదేంది బావా? ఎదురుగానే ఉండాది గదా," అని లింగప్ప బానెట్ తట్టాడు.

ఉమాదేవి ఏడుస్తూనే నవ్వింది. "నా సవతికి ఇంత వైద్యమా?"

"టర్బో దానికి. బుష్షులు నీకు," అన్నాడు లింగప్ప మెల్లగా. "గతుకుల్లో నీ నడుము పట్టేస్తాదని నాకు తెలుసు. అడిగితే ఇంట్లో పనుందంటావు."

ఉమాదేవికి అతని మీద అంత ప్రేమ పొంగి చాన్నాళ్ళయింది. కొంగుతో అతని ముఖం మీది గ్రీజు తుడిచింది. మర్నాడు లేపాక్షి దాకా ముందు సీటు ఆమెదే.

మల్లికార్జున మాత్రం ఇప్పుడు చెల్లెలు ఎవరి సంగతి ఎత్తినా, ముందు ఎన్ని చక్రాలని అడుగుతాడు.