నూట నలభై ఏడేళ్ల గైర్హాజరు

బస్సు ఆగాలంటే ఊరుండాలి, ఊరుండాలంటే చరిత్ర ఉండాలి. ఇంత చిన్న సంగతి మానవజాతికి తట్టడానికి ఏడు వేల ఏళ్లు పట్టింది. ఎట్టకేలకు రవాణా సమన్వయ మహామండలికి తట్టింది. తట్టగానే ‘జనావాసాల అవిచ్ఛిన్న అస్తిత్వ నిరూపణ నిబంధనలు’ అని పేరు పెట్టి, ముద్ర గుద్ది, హంగరీలోని చిన్నాచితకా ఊళ్లన్నిటికీ పంపించేసింది.

నిబంధనలు సులువే. ప్రతి ఊరూ తన చరిత్రను ఆదిమకాలం నుంచి నేటిదాకా పదకొండు గళ్లలో నింపి, మే నెలాఖరులోగా యాప్‌లో ఎక్కించాలి. ఏ గడీ ఖాళీగా ఉండరాదు. ఊళ్లో మనుషులు లేని కాలం ముప్పై రోజులు దాటరాదు. నేటి జనాభా అరవైకి తగ్గరాదు. ఇందులో ఏది తప్పినా ఆ ఊరిని పొలంగా పరిగణిస్తారు. పొలంలో బస్సు ఆగదు. (ఆగితే దాన్ని ప్రమాదం అంటారు.)

ఆల్షోకెరెంగ్ జనాభా యాభై తొమ్మిది. అరవయ్యో మనిషి యానోష్ గారు నిబంధనల సంగతి తెలియక ఫిబ్రవరిలోనే పోయారు.

ఊరి కార్యాలయంలో ఉన్న ఏకైక ఉద్యోగి ఇల్కా. గుమాస్తా ఆవిడే, జనన మరణాల అధికారి ఆవిడే, మంచు ఎత్తే పారకు సంరక్షకురాలూ ఆవిడే. ఆవిడను పెంచిన పెద్దమ్మ బోజికి ఎనభై ఒకటో ఏడు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నాలుగేళ్లు వరుసలో ఉన్నాక పట్నం ఆసుపత్రి వాళ్లు ఆపరేషన్‌కు జూన్ పద్నాలుగు, శుక్రవారం అని తేదీ ఇచ్చారు. ఆ రోజు తప్పితే మళ్లీ వరుస చివరికి పోవాలి. ఊళ్లో బస్సు మంగళ, శుక్రవారాల్లో పొద్దున్న ఆరూ నలభైకి ఆగుతుంది. కాబట్టి మోకాలికి బస్సు కావాలి, బస్సుకు ఆదిమకాలం కావాలి. ఇల్కా చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆదిమకాలం గడి అప్పటి నివాసుల సంతకాలు అడిగింది. ‘చదువు రాదు’ అని ఇల్కా రాస్తే వేలిముద్రలు చాలంది. అదృష్టం కొద్దీ బోజి పెద్దమ్మ కోళ్లు నేల కెలికి బయటపెట్టిన కుండ మీద, తడి మట్టిలో ఎవరో నొక్కిన బొటనవేలు గుర్తొకటి ఉంది. మూడున్నర వేల ఏళ్ల ఆ కుండలో పెద్దమ్మ క్యాబేజీ పులియబెడుతోంది.

“పెద్దమ్మా, అది పురావస్తువు. మ్యూజియంలో పెట్టాలి.”

“ఎందుకే? చిల్లి పడలేదు కదా. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోడానికి అదేం నాలా అరిగిపోలేదులే.”

ఫోటో తీసి ఎక్కించారు. గడి ఆకుపచ్చగా మారింది. రోమనులు ఊరి పక్కనుంచి వెళ్లారే తప్ప ఆగలేదని రాస్తే, ఆగకపోవడానికి కారణం అడిగింది. (‘బస్‌స్టాపు లేదు’ అని ఇల్కా రాసింది. ఒప్పుకుంది.) మన మాజ్యార్ జాతి పెద్దలు గుర్రాల మీద వచ్చి నేలను స్వాధీనం చేసుకున్నారంటే, పాత యజమానుల అభ్యంతరాలు ఏమైనా పెండింగ్‌లో ఉన్నాయా అంది. లేవు, యజమానులే లేరు. మంగోలు తాతారులు ఊరు తగలబెట్టారంటే అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం అడిగి, గడువు దాటి ఎనిమిది వందల ఏళ్లయినందున ఈసారికి మన్నించింది.

కమ్యూనిస్టుల నాటి ఉమ్మడి వ్యవసాయం గడి మాత్రం ముందే నింపి ఉంది. ‘అందరూ ఇష్టపూర్వకంగా చేరారు.’ దాన్ని మార్చే వీలు లేదు.

“నిజమేనే,” అంది బోజి పెద్దమ్మ. “మా నాన్న ఇష్టపూర్వకంగా చేరడానికి మూడు రోజులు పట్టింది. రెండు పళ్లు కూడా పోయాయి.”

అసలు చిక్కు తురుష్కుల దగ్గర వచ్చింది. 1543లో వాళ్లొస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా అడవిలోకి పరుగెత్తింది. తిరిగి జనం చేరింది 1690లో. యాప్ లెక్క కట్టి, ‘యాభై మూడు వేల ఆరు వందల తొంభై ఒక్క రోజుల గైర్హాజరు. సంజాయిషీ ఇవ్వండి’ అంది. ‘తురుష్కులు వచ్చారు’ అని రాసింది ఇల్కా. ‘సెలవు చీటీ జతచేయండి’ అంది యాప్.

విచారణకు మండలి నుంచి డాక్టర్ పల్లగి హూగో దిగాడు. మన దేశంలో లాయర్లకూ పేరు ముందు డాక్టరు ఉంటుంది. బోజి పెద్దమ్మ డాక్టరనే మాట ఒక్కటే విని, పళ్ల సారా పాలింకా గ్లాసు చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుని లంగా మోకాలి దాకా ఎత్తింది.

“ఇక్కడ నొక్కండి బాబూ. మెట్లు దిగుతుంటే టకటకమంటోంది.”

డాక్టర్ పల్లగి మర్యాదస్తుడు. ఒక్కసారి నొక్కాడు. “ఇది మా పరిధిలోకి రాదమ్మా,” అన్నాడు.

“మా డాక్టరూ ఇదే అన్నాడు! మీరు నిజంగా డాక్టరే.”

పోతూ పోతూ ఆయన ఇల్కాతో, “ఆ నూట నలభై ఏడేళ్లలో ఒక్క మనిషి ఉన్నాడని చూపించండి మేడమ్. ఒక్కడు చాలు,” అన్నాడు.

ఇల్కా రాజధానిలోని పత్రాగారానికి ఫోన్ చేసింది. మూడు వారాలకు అక్కడి చరిత్రకారిణి నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక మాట్లాడింది.

“దొరికాడండీ మీవాడు! 1570, తురుష్కుల పన్ను దస్తరం. అప్పట్లో మీ ఊరు వట్టి కెరెంగే. ‘కెరెంగ్. పాడుబడ్డ ఊరు. ఒక గుడిసె. గెర్గెయ్, ముప్పై ఏళ్లు, తేనెటీగలు పెంచును.’ కానీ ఒక్క సంగతి చెప్పాలి. ఆ గుమాస్తా అదే రోజు పదకొండు ఊళ్లు లెక్క రాశాడు. పదకొండూ ఖాళీయే. పదకొండింట్లోనూ తేనెటీగల గెర్గెయ్ ఉన్నాడు.”

ఇల్కాకు ఒక్కసారిగా అంతా కళ్లకు కట్టింది. మోకాళ్ల మీద దస్తరం పెట్టుకుని, ఖాళీ గడి ముందు నెత్తి గోక్కుంటూ కూర్చున్న ఒక గుమాస్తా. పైవాళ్లు ఖాళీ గడి ఒప్పుకోరు. నాలుగున్నర శతాబ్దాల అవతల తన మేనమామ ఎవరో కనబడ్డట్టు ఆవిడ ప్రాణం లేచొచ్చింది. గెర్గెయ్‌ని ఎక్కించింది. గడి పచ్చబడింది.

మిగిలింది చివరి గడి, నేడు. యాప్ కాసేపు గిర్రున తిరిగి తనంతట తానే ఇలా ప్రకటించింది: ‘గెర్గెయ్ మరణ ధ్రువపత్రం లభ్యం కాలేదు. కావున సదరు వ్యక్తి నివాసి. వయసు 484. నేటి జనాభా: 60.’ కింద రెండు బొత్తాలు ఉన్నాయి, ‘సవరించు’, ‘అలాగే ఉంచు’.

ఇల్కా ఇరవై ఆరేళ్ల నౌకరీలో ఒక్క అబద్ధం రాయలేదు. ఇప్పుడూ రాయలేదు. అలాగే ఉంచింది. ఆ సాయంత్రం ఆల్షోకెరెంగ్ పండగ చేసుకుంది. యాభై తొమ్మిది మందీ గెర్గెయ్ పేరున గ్లాసులెత్తారు. అరవయ్యో గ్లాసు బోజి పెద్దమ్మే తాగి, “పాపం, ఆయనా మా ఊరివాడే కదా,” అని కళ్లు తుడుచుకుంది.

జూన్ పద్నాలుగున ఆరూ నలభైకి బస్సు ఠంచనుగా ఆగింది. ఇల్కా పెద్దమ్మను ఎక్కించి, పక్కనే కూర్చుంది. తొమ్మిదికి ముందే ఇద్దరూ ఆసుపత్రి కౌంటర్ దగ్గరున్నారు. కౌంటర్ అమ్మాయి తెర చూసింది.

“ఆల్షోకెరెంగేనా? ఈ మూడు నెలలకూ ఊరికో మోకాలు అండీ. ఊళ్లో పెద్దవాళ్లు ముందు. మీకంటే పెద్దాయన ఒకరున్నారు, గెర్గెయ్ గారని. ఆయన కానివ్వండి, తర్వాతి విడతలో మిమ్మల్ని పిలుస్తాం.”

“ఆయన ఎప్పుడొస్తాడమ్మా?”

“మీ ఊరాయనే కదా. మీకే తెలియాలి.”

మధ్యాహ్నం పన్నెండయింది. బోజి పెద్దమ్మ పొగాచా రొట్టె ముక్క నోట్లో వేసుకుని, కర్ర ఊతంతో లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లింది. ఇల్కా చెయ్యి పట్టి ఆపబోయింది గాని ఆగలేదు.

“చూడు తల్లీ, నిజం చెప్పేస్తున్నా. ఆ గెర్గెయ్ లేడు. ఎప్పుడూ లేడు.”

అమ్మాయి తెర మీద ఊరి జనాభా అరవై అని చూసి, చాలా నెమ్మదిగా, ఎంతో మర్యాదగా అడిగింది.

“ఆయన లేకపోతే మీ ఊరికి బస్సు లేదు కదా బామ్మగారూ. మరి మీరెలా వచ్చారు?”

బోజి పెద్దమ్మ వెళ్లి కూర్చుని, గెర్గెయ్ కోసం పక్కన కాస్త చోటు వదిలింది.