పసుపు గేటు దగ్గర పెళ్ళి

ఆ సోమవారం ఓర్విన్ టాల్మన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దు పొడవకముందే పక్కింటి ఆర్డిస్ పికప్ బండి ఎక్కడం, పసుపు గేటు దాటి కొండ మీదికి వెళ్ళడం, ఆమెకు చలికాలానికి సరిపడా కట్టెలు కోసిపెట్టడం, ఆ తర్వాత తుపాకీ తీసుకుని ఎల్క్ దుప్పి ఒకదాన్ని కొట్టుకుని మధ్యాహ్న భోజనానికి ఇంటికి రావడం. ఇందులో పెళ్ళి ఎక్కడా లేదు.

ఆ కొండ హెమ్లాక్ రివర్ కలప కంపెనీది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఓర్విన్ ఆ కొండ మీద దుంగల లారీ తోలాడు. అప్పట్లో గేట్లు ఉండేవి కావు, ఉన్నా బార్లా తెరిచే ఉండేవి. వేటకాలం వస్తే ఎవరికి నచ్చిన గట్టు మీద వాళ్ళు కూర్చునేవారు. ఇప్పుడు కంపెనీ ప్రతి దారికీ ఇనప గేటు పెట్టి, దానికి పసుపు రంగు కొట్టి, లోపలికి వెళ్ళాలంటే పర్మిట్ కొనుక్కోమంటోంది. అమ్మేది కంప్యూటర్లో, ఏడాదికి ఒక్క పొద్దున. ఓర్విన్ ఒంటివేలితో పేరు కొట్టి, పాస్‌వర్డు మర్చిపోయి, కొత్తది పెట్టుకునేలోపు పర్మిట్లన్నీ అయిపోయాయి. అతని దిగులు మాంసం గురించి మాత్రమే కాదు. భార్య పోయిన దగ్గర్నుంచి ఏడాది పొడుగునా అతను ఎదురుచూసేది ఆ కొండ మీద గడిపే పొద్దుల కోసమే. అవీ పోతే ఇక చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని వాన చూడటమే మిగులుతుంది.

ఆర్డిస్ లిండ్‌స్ట్రోమ్ మాత్రం సెలూన్లో జుట్టు కత్తిరించించుకుంటూనే ఫోన్లో పర్మిట్ కొనేసింది. ఆమె భర్త లెస్టర్ బతికున్నప్పుడు అతనూ ఓర్విన్ కలిసే వేటకు వెళ్ళేవారు. పర్మిట్ కొన్నవారికీ, వారి భర్తకో భార్యకో, మైనరు పిల్లలకీ చెల్లుతుంది. పక్కింటివాళ్ళ ఊసు అందులో లేదు.

"గార్డు ఆపితే నేను మాట్లాడతా. నువ్వు నోరు విప్పకు," అని ఆర్డిస్ బండి ఎక్కేటప్పుడే హెచ్చరించింది.

గార్డు ఆపనే ఆపాడు. పేరు డ్వేన్. వేరే జిల్లా నుంచి కొత్తగా వచ్చినవాడు, ఊళ్ళో ఎవరినీ ఎరగడు.

"పర్మిట్ మీదేనా అమ్మా?"

"నాదే."

"మరి ఈయన?"

"ఈయన..." అని ఆర్డిస్ ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చి, కళ్ళు మూసుకుని, గాలి లోపలికి పీల్చింది. ఆమె తడబడుతోందని ఓర్విన్‌కు కంగారు పుట్టింది.

"మొగుణ్ణి," అన్నాడు.

అప్పుడు ఆర్డిస్ తుమ్మింది.

డ్వేన్ ఇద్దరి గుర్తింపు కార్డులూ అడిగి చూసి, "ఇంటిపేర్లు వేరుగా ఉన్నాయే?" అన్నాడు.

"ఈమధ్యే అయింది లెండి. ఇంకా మార్చుకోలేదు."

డ్వేన్ మొహం చాటంత అయింది. "అయ్యయ్యో, కొత్త దంపతులా! ముందే చెప్పొద్దా?" అంటూ నడుముకున్న రేడియో తీశాడు. ఆ కొండదారులు ఒక్క బండికే సరిపోయేవి. ఎదురుగా వచ్చేదెవరో తెలియాలి కాబట్టి లారీలన్నీ ఒకే రేడియోలో మాట్లాడుకుంటాయి. ఆ రేడియోలో డ్వేన్ ఎలుగెత్తి చెప్పాడు. "గేటు దగ్గర్నుంచి పికప్ ఒకటి పైకొస్తోంది. ఆర్డిస్ లిండ్‌స్ట్రోమ్, ఆవిడ భర్త ఓర్విన్ టాల్మన్. కొత్తగా పెళ్ళయినవాళ్ళు, కాస్త చూసి నడపండి!"

రేడియో కాసేపు గురగురలాడింది. తర్వాత ఓ గొంతు, "ఓర్వినా? మన ఓర్వినేనా?" అంది. ఇంకో గొంతు, "దొంగ సచ్చినోడు, పప్పన్నానికి పిలవకపోతే పోయె, చెప్పనైనా చెప్పలేదు చూడు!" అంది.

గేటు దాటగానే ఆర్డిస్ మొదలెట్టింది. ఇక ఆపలేదు.

"ఎవరు మొగుడనమన్నారు నిన్ను?"

"నువ్వు తడబడ్డావు కదా!"

"తుమ్మొచ్చిందయ్యా మగడా! ఛీ, నా నోటికి కూడా అదే మాట వస్తోంది."

"పోనీ వెనక్కెళ్ళి అబద్ధమని చెప్పేద్దామా?"

"చెప్పు. నా పర్మిట్ లాక్కుంటారు, దొంగతనంగా చొరబడ్డావని నీ మీద కేసు పెడతారు. నోరు మూసుకుని కట్టెలు కొయ్యి."

ఓర్విన్ కట్టెలు కోశాడు. ఆ తర్వాత వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు చొక్కా తొడుక్కుని, చెట్లు కొట్టేసిన వాలు అంచున కూర్చున్నాడు. అదృష్టం పూర్తిగా మొహం చాటేయలేదు. పొగమంచులోంచి పెద్ద కొమ్ముల మగ దుప్పి నెమ్మదిగా బయటికొచ్చి, అతని వైపే తిరిగి నిలబడింది. ఓర్విన్ ఊపిరి బిగబట్టి తుపాకీ భుజానికెత్తాడు. సరిగ్గా అప్పుడే కింది దారిలో వెళ్తున్న లారీ డ్రైవరుకు ఆర్డిస్ పికప్ కనిపించింది. పాత స్నేహితుడి పెళ్ళికి అంతకన్నా ఏమివ్వగలడు? తాడు పట్టి లాగి, కొండంతా దద్దరిల్లేలా హారన్ కొట్టాడు. దుప్పి ఏమైందో చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం వరకూ ఆ దారిన వెళ్ళిన ప్రతి లారీ అదే మర్యాద చేసింది.

వాళ్ళు ఊళ్ళోకి వచ్చేసరికి హోటలు ముందు, రోజూ ఆపిల్ కేకు ధర రాసే బోర్డు మీద, "ఓర్విన్, ఆర్డిస్‌లకు శుభాకాంక్షలు" అని రాసుంది. ఆర్డిస్ వరండాలో ఊళ్ళోవాళ్ళు వండి పంపిన కేసరోల్ గిన్నెలు, రేకు కాగితం కప్పుకుని బారులు తీరి ఉన్నాయి. ఓర్విన్ ఇంట్లో ఫోన్ మోగుతోంది. చేసింది కూతురు షెల్బీ.

"నాన్నా, నీ పెళ్ళి సంగతి నేను లారీ డ్రైవర్ల నోట వినాలా?"

"అది పెళ్ళి కాదమ్మా..."

"ఇంకా దాస్తావేంటి? ఆర్డిస్ ఆంటీ అంటే నాకేం అభ్యంతరమా? ఎప్పుడో చేసుకుంటావనుకున్నా. చెప్పలేదనే నా ఏడుపు."

"ఎప్పుడో అనుకున్నావా? ఎందుకలా అనుకున్నావు?"

"ఆవిడింటి చూరు మీద ఆకు కూడా నిలవనివ్వవు. నీ చూరు మీద మొక్కలు మొలుస్తున్నాయి. అది ఊరందరికీ కనిపిస్తోంది, నీకే కనిపించట్లేదు."

ఓర్విన్ ఫోన్ పెట్టేసి బయటికి వచ్చి తలెత్తి చూశాడు. మొక్కలు నిజంగానే ఉన్నాయి, బాగా ఏపుగా ఉన్నాయి.

అంతలో కంపెనీ ఆఫీసు నుంచి నడీన్ ఫోన్ చేసింది. "శుభాకాంక్షలు ఓర్విన్ గారూ! పర్మిట్‌లో మీ పేరు చేర్చాలి. ఆర్డిస్ గారికీ ఫోన్ చేసి చెప్పాను, మీ ఇద్దరిలో ఎవరొచ్చినా సరే, భార్యాభర్తలమని సంతకం చేస్తే చాలు. అబద్ధమైతే మాత్రం పర్మిట్ రద్దవుతుందండోయ్," అని నవ్వింది.

ఓర్విన్ నవ్వలేకపోయాడు. ఆర్డిస్‌కు ఆ కొండ అంటే ఏడాది పొడుగునా కట్టెలు, వానలు పడగానే పుట్టగొడుగులు. తన నోటిదూల వల్ల ఆమెకు అవన్నీ పోవడమా? పోతే తన వేటే పోనీ అనుకున్నాడు. కొండ లేని చలికాలాన్ని ఊహించుకుంటే గుండె చెరువైంది. అయినా మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఆవిడ నా భార్య కాదు. తప్పంతా నాది. ఆవిడ పాపం తుమ్మింది, అంతే. నన్ను జన్మలో రానివ్వకండి గానీ ఆవిడ పర్మిట్ జోలికి మాత్రం వెళ్ళకండి."

నడీన్ కళ్ళజోడు తీసేసింది. "ఎంత పని చేశారండీ! ఆవిడ నిన్న సాయంత్రమే వచ్చి, మీరు తన భర్తేనని సంతకం పెట్టి వెళ్ళారు."

"సంతకమా? ఆర్డిసా?" అన్నాడు ఓర్విన్.

"ఇప్పుడది అబద్ధపు సంతకం అయింది. ఇద్దరికీ గేటు మూసెయ్యక తప్పదు," అంది నడీన్. ఆమెకు నిజంగానే బాధ కలిగింది. ముందురోజు వరండాకు చేరిన కేసరోల్స్‌లో ఆమె పంపినదీ ఉంది. "ఈ ఒక్క పూట ఇంట్లో కూర్చోలేకపోయారా ఓర్విన్ గారూ?"

అతను తిరిగొచ్చేసరికి ఆర్డిస్ పెరట్లో కట్టెలు పేరుస్తోంది. అతని మొహం చూడగానే ఆమెకు సంగతి అర్థమైంది.

"వెళ్ళి నిజం చెప్పొచ్చావు కదూ?"

"నీ పర్మిట్ కాపాడదామని..."

"నేనేమో నీ కొండ కాపాడదామని! అది లేకపోతే నువ్వు చలికాలం ఎలా గడుపుతావో నాకు తెలీదా? నా కిటికీలోంచి నీ కిటికీ కనిపించదా? పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధపు సంతకం పెట్టానయ్యా. దాన్ని ఒక్క పూట నిలబెట్టలేకపోయావు!"

ఓర్విన్ టోపీ తీసి చేతుల్లో నలిపాడు. "నిన్న అడిగుంటే పర్మిట్ కోసం అడిగాననుకునేదానివి," అన్నాడు.

"ఏం అడిగుంటే?"

"ఇప్పుడు పర్మిట్ లేదు, కొండా లేదు. నిన్ను చేసుకుంటే నాకు కలిసొచ్చేది ఏమీ లేదు, నువ్వు తప్ప. అందుకని ఇప్పుడడుగుతున్నా."

ఆర్డిస్ వంగి, పొడవాటి దుంగ ఒకటి ఒక కొస పట్టుకుని, "ఆ చివర పట్టు. ఒక్కదాన్నే ఎన్నాళ్ళని మొయ్యను?" అంది.

ఓర్విన్ పట్టుకున్నాడు. దుంగ దించేదాకా అతనికి అది జవాబని తట్టలేదు. తట్టాక అక్కడే మొద్దు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ వారమే ఇద్దరూ జిల్లా కచేరీకి వెళ్ళారు. గుమాస్తా రుసుము తీసుకుని పెళ్ళి లైసెన్సు చేతికిచ్చి, ఇది చెల్లడానికి కొన్ని రోజులు ఆగాలని చెప్పాడు. ఓర్విన్ దాన్ని వేట లైసెన్సును చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూసి, "సీజన్ ఎప్పటిదాకా?" అని అడిగాడు.