మూడు వందల సార్లు పలక

ఒరేయ్, నవ్వకూడదు మరి. ఆ దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు.

మార్కాపురంలో మాకు పలకల షెడ్డు ఉంది కదా. రెండు నెలలుగా ఆర్డర్లు లేవు. నెలాఖరుకు ఒక్కటైనా రాకపోతే మా నాయన పెట్టిన షెడ్డుకు తాళమే. పాతికేళ్లుగా పలకలు కోస్తున్న శ్రీశైలమ్మత్త, "నన్ను గూడా పొమ్మంటావా నాగేంద్రా?" అని అడిగిన రోజు నాకు అన్నం సహించలేదు.

అప్పుడు దొరికాడు కీవర్డు ఖాసిం. వెబ్‌సైట్లు చేసిపెడతాడు, మా షెడ్డుకూ ఒక పేజీ పెట్టిచ్చాడు. ఆ బిరుదు మేమిచ్చిందే.

"జనం నెట్‌లో వెతికే మాట, అదే కీవర్డు, నీ పేజీలో ఉండాలన్నా," అన్నాడు.

"ఒకసారి ఉంటేనే అంత లాభమైతే, మూడు వందల సార్లుంటే?"

"అట్ల చేయబాకన్నా!"

నేను విన్నానా? ఆదివారం పొద్దున్నే కూర్చుని "మార్కాపురం పలకలు, మంచి పలకలు, చవక పలకలు" అని కుక్కుతూ పోయాను. తెల్ల పేజీ మీద తెల్ల అక్షరాలతో ఇంకో వంద దాచాను. మనుషులకు కనబడవు, సెర్చ్‌కు కనబడతాయి. నా బుర్రకు నేనే మురిసిపోయాను.

మా ఆవిడ లక్ష్మీకుమారి తొంగి చూసింది. "ఏందయ్యా ఇది, అయ్యోరు ఇంపొజిషన్ ఇచ్చినాడా?"

"ఇది మనుషులు చదివేది కాదే. మెషీన్ చదివేది!"

"పలకలు కొనేది గూడా మెషీనేనా?"

ఆడవాళ్లతో వాదన ఎందుకులే అని ఇంకో పది పలకలు కుక్కాను.

రెండు వారాల తర్వాత వెతికి చూశాను. పదకొండో స్థానంలో ఉండే నా పేజీ ఎక్కడా లేదు! నా పేరు కొట్టి చూశాను. ఇంకో నాగేంద్ర వచ్చాడు, గిద్దలూరులో గొర్రెలమ్ముతాడట.

ఖాసింకు ఫోన్ చేశాను. "ఒకే మాట కుక్కినా, అక్షరాలు దాచినా మోసమని సెర్చే పేజీని కిందికి తోసేస్తాదన్నా. ఆ పొద్దే చెప్పినా కదా!"

మరి అందరికంటే పైన ఎవరు? "పిల్లల చెయ్యి గీరుకోని పలకలు" అట. అంచులు ఎట్లా నున్నగా చేస్తారో, బలపం జారితే ఏం చేయాలో, పగలకుండా ఎట్లా పంపుతారో, అన్నీ తల్లులు అడిగే ప్రశ్నలు, జవాబులు. ఫొటోలోని చేతులు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి గానీ కోపంలో పట్టించుకోలేదు. "పలక" ఎన్నిసార్లుందో లెక్కపెట్టాను. తొమ్మిది!

ఒళ్లు మండి, అక్కడున్న తెలియని నంబరుకు కొట్టాను. మా వంటింట్లో ఏదో కొత్త ఫోన్ మోగింది.

"హలో, చెప్పండన్నా."

చెవిలో ఒకటి, వంటింట్లోంచి ఒకటి, అదే గొంతు. గరిటె పట్టుకుని బయటికొచ్చిన లక్ష్మీకుమారి నన్ను చూసి, "అయ్యో, నువ్వా!" అని నాలుక కరుచుకుంది.

"నువ్వు... ఎట్ల చేసినావే?"

"నువ్వు తీయని ఫోన్లన్నీ ఇన్నేళ్లు తీసింది నేనే కదా. వాళ్లు అడిగేటివే రాసిచ్చినా. ఖాసిం పేజీ పెట్టినాడు. నిన్న ఒక బడోళ్లు రెండు వేల పలకలు చెప్పినారు. రేపట్నుంచే కోత, శ్రీశైలమ్మత్తకు చెప్పేసినా."

కళ్లలో నీళ్లు తిరిగాయి. షెడ్డు నిలిచింది. అయినా యజమానిని కదా, గొంతు సవరించుకున్నాను. "తొమ్మిదే సార్లు రాసి... సరేలే, నాకెందుకు చెప్పలేదు?"

"పేజీలో ఉంది కదా. నువ్వు లెక్కబెట్టినావే గానీ చదవలేదు."

చదివాను. నంబరు కింద ఇంకో లైనుంది.

"మూటలు కట్టి లారీకెక్కించే బాధ్యత: నాగేంద్ర."